జింక రాష్ట్రానిది... అడవి దేశానిది!

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఏడాదికి పైగా స్థిరంగా ఉంటున్న మనిషి జింకను వేటాడాలంటే లైసెన్సుకి 42 డాలర్లు కడితే చాలు. పక్కనున్న నెబ్రాస్కా నుంచి వచ్చినా, దేశానికి ఆ కొసనున్న పెన్సిల్వేనియా నుంచి వచ్చినా బయటివాడు అదే జింక కోసం 374 డాలర్లు పెట్టుకోవాలి. అదీ లాటరీలో పేరు తగిలితేనే. కాస్త మెరుగైన అవకాశం కావాలనుకునేవాళ్లకు ‘స్పెషల్’ లైసెన్సని ఇంకోటి ఉంది. దాని ధర 1,200 డాలర్లు, మన డబ్బుల్లో లక్ష రూపాయల పైమాటే. 2023 దాకా అది 662 డాలర్లే. 2024 సీజన్‌కి వచ్చేసరికి దాదాపు రెట్టింపు చేశారు.

ఈ తేడా చూసి బయటివాడికి కడుపు మండుతుంది. అతను వేటకు వెళ్లే అడవి చాలాసార్లు వయోమింగ్‌ది కాదు మరి. ఆ రాష్ట్రంలో దాదాపు సగం నేల కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది. అందులోని నేషనల్ ఫారెస్టుల నిర్వహణకు అయ్యే ఖర్చు ఫ్లోరిడాలో టీచరు, ఒహాయోలో లారీ డ్రైవరు కట్టే పన్నుల నుంచి కూడా వస్తుంది. వాటిలో కొండెక్కడానికి, గుడారం వేసుకుని నిద్రపోవడానికి ‘నీది ఏ రాష్ట్రం?’ అని ఎవరూ అడగరు. తుపాకీ పట్టుకుని జింక కోసం వచ్చానంటే మాత్రం పరాయివాడైపోతాడు. నేల దేశానిదైనా, దాని మీద మేసే జింక మీద పెత్తనం రాష్ట్రానిది. అమెరికా అంతటా శాసనసభల్లో, వన్యప్రాణి కమిషన్ల సమావేశాల్లో, కోర్టుల్లో నాన్‌రెసిడెంట్ ట్యాగుల, అంటే బయటివాళ్లకిచ్చే వేట చీటీల గురించి దశాబ్దాలుగా సాగుతున్న గొడవకు మూలం ఇదే.

స్థానికుడి మాట కూడా కొట్టిపారేయదగ్గది కాదు. ఆరేడు నెలలు మంచు కురిసే ఊళ్లలో, నగరాల జీతాలు రాకపోయినా అక్కడే బతుకుతున్నది అతను. రాత్రిపూట హైవే మీద జింక అడ్డం పడితే నుజ్జయ్యేది ఎక్కువగా అతని కారే. పశువుల కోసం దాచుకున్న ఎండుగడ్డిని జింకలూ, వాటికన్నా పెద్దవైన ఎల్క్‌లూ మేసిపోతుంటే ఏడాది పొడుగునా ఓర్చుకునేది అక్కడి రైతు. చాలా ఇళ్లలో శీతాకాలమంతా ఫ్రీజర్లో ఉండే మాంసం అక్టోబరులో వేటాడి తెచ్చిన జింకదే. కూతుర్నో కొడుకునో మొదటిసారి వేటకు తీసుకెళ్లిన తండ్రికి, కొండ దారి మొదట్లో నిలిపిన బండ్లన్నీ వేరే రాష్ట్రాల నంబరు ప్లేట్లతో కనిపిస్తే మనసుకు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

చంపితే రక్షించినట్టా?

తెలుగు పాఠకులకు దీనికన్నా ముందే ఒక సందేహం వస్తుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకను వేటాడితే జైలే. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌ది. అలాంటి ప్రాణిని చంపడానికి ప్రభుత్వమే చీటీలు అమ్మడమేమిటి?

అమెరికా కూడా ఒకప్పుడు జింకల్ని దాదాపు తుడిచిపెట్టేసింది. పంతొమ్మిదో శతాబ్దంలో మాంసం, తోళ్లు రైలు పెట్టెల నిండా నగరాల బజార్లకు చేరేవి. 1900 ప్రాంతానికి దేశం మొత్తమ్మీద తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. ఆ ఏడాదే వచ్చిన లేసీ చట్టం అక్రమంగా వేటాడిన జంతువుల్ని రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని నేరం చేసింది. మాంసం అమ్మకాలు ఆగిపోయాయి. రాష్ట్రాలు వేటకు సీజన్లు పెట్టాయి, లైసెన్సులు తెచ్చాయి. ట్యాగ్ కూడా ఆ కట్టడిలో భాగమే. జింక పడగానే ఆ చీటీ మీద తేదీ గుర్తుపెట్టి కళేబరానికి కట్టాలి. ఒక ట్యాగుకి ఒక జింక. ఎన్ని ట్యాగులు ఇవ్వాలో ఆ ఏడాది మందల పరిస్థితి చూసి నిర్ణయిస్తారు.

1937లో అమెరికా కాంగ్రెస్ పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం చేసింది. వేట తుపాకులు, తూటాల మీద వేసే 11 శాతం పన్ను వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు వెళ్తుంది. ఎంత వెళ్లాలన్నది రాష్ట్రం విస్తీర్ణాన్ని బట్టి, అక్కడ లైసెన్సు కొన్నవాళ్ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఇందులో ఒక గట్టి షరతు పెట్టారు. వేట లైసెన్సుల డబ్బుని రోడ్లకో జీతాలకో మళ్లించే రాష్ట్రానికి ఈ వాటా దక్కదు. వేటగాడి డబ్బు వన్యప్రాణి శాఖ దాటి పోకూడదన్నమాట. ఈ పద్ధతి పనిచేసింది. ఇవాళ తెల్లతోక జింకలు మూడు కోట్ల దాకా ఉంటాయని అంచనా వేస్తున్నారు. తోడేళ్లు లేని ప్రాంతాల్లో వాటి సంఖ్యని అదుపులో పెట్టే పని కూడా ఎక్కువగా వేటగాళ్ల మీదే పడింది.

అయితే ఈ ఏర్పాటుకి ఒక పర్యవసానం ఉంది. శాఖ నడవాలంటే లైసెన్సులు అమ్ముడవ్వాలి. పడమటి రాష్ట్రాల్లో జనాభా తక్కువ, స్థానికుల ఫీజు ఇంకా తక్కువ. అందుకే వయోమింగ్, మోంటానా లాంటి చోట్ల లైసెన్సుల ఆదాయంలో పెద్ద వాటా బయటివాళ్లదే. మందల లెక్కింపు, దొంగవేటగాళ్లను పట్టుకునే వార్డెన్ల జీతాలు, రోగాల మీద నిఘా అన్నీ చాలావరకు ఆ డబ్బుతోనే సాగుతాయి. స్థానికుడి ఫీజు పది డాలర్లు పెంచుదామంటే శాసనసభ్యుడికి ఓట్ల భయం. బయటివాడి ఫీజు ఐదు వందలు పెంచినా ఆ ఊళ్లో అడిగే ఓటరు ఉండడు. ఫీజుల పట్టికలో ఇంత తేడా రావడానికి మందల సంరక్షణ కన్నా ఈ సంగతే పెద్ద కారణం.

తొమ్మిది డాలర్లకు రెండు వందల పాతిక

ఈ తేడా న్యాయమేనా అని అమెరికా సుప్రీంకోర్టు 1978లో తేల్చింది. 1976లో మోంటానాలో స్థానికుడు ఎల్క్ వేటకు 9 డాలర్లు కట్టేవాడు. బయటివాడు కావాలన్నా అక్కర్లేకున్నా 225 డాలర్ల కాంబినేషన్ లైసెన్సు కొనాల్సిందే. అంటే పాతిక రెట్లు. వేట ఏర్పాట్లు చేసిపెట్టే ఒక మోంటానా గైడు, అతనితో పాటు కొందరు మిన్నెసోటా వేటగాళ్లు కోర్టుకెక్కారు. ఒక రాష్ట్రం పౌరుడికి ఉండే హక్కులు ఇంకో రాష్ట్రంలోనూ ఉంటాయని రాజ్యాంగం చెబుతోంది కదా అన్నది వాళ్ల ప్రశ్న.

‘బాల్డ్విన్ కేసు’గా పేరుపడిన ఈ వ్యాజ్యంలో ఆరుగురు న్యాయమూర్తులు మోంటానా వైపు, ముగ్గురు వేటగాళ్ల వైపు నిలిచారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ లెక్క ప్రకారం ఎల్క్ వేట బతుకుతెరువు కాదు, వినోదం. దేశమంతా ఒకటిగా నిలవడానికి అవసరమైన హక్కుల్లో అది రాదు. ఆయన మాటకు విలువ తెలియాలంటే ఇంకో ముప్పై ఏళ్లు వెనక్కి, 1948 నాటి తీర్పు దగ్గరికి వెళ్లాలి. సౌత్ కరోలినా తీరంలో రొయ్యలు పట్టే సొంత రాష్ట్రం పడవకు 25 డాలర్ల ఫీజు, బయటి రాష్ట్రం పడవకు 2,500 డాలర్లు. అదే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రొయ్యల పడవ మీద కుటుంబాలు బతుకుతాయి కాబట్టి. బతుకుతెరువుకి రక్షణ, సరదాకి లేదు. గీత స్పష్టంగానే ఉంది కానీ, ఒక కుటుంబం చలికాలపు తిండి కోసం చేసే వేట ఆ గీతకి ఏ పక్కన పడుతుందో బాల్డ్విన్ తీర్పు పట్టించుకోలేదు. జస్టిస్ బ్రెన్నన్ రాసిన అసమ్మతి తీర్పు మోంటానా ఇంత తేడాకు సరైన కారణం చూపించలేకపోయిందని అంటుంది. ఇప్పుడు చదివినా ఆ వాదనలో బలం తగ్గలేదు.

మరుసటి ఏడాదే పునాది కాస్త కదిలింది. రాష్ట్రంలోని అడవి జంతువులకు రాష్ట్రమే యజమాని అని 1896 నుంచీ నడుస్తున్న పాత తీర్పుని 1979లో సుప్రీంకోర్టే పక్కన పెట్టింది. జంతువుల మీద రాష్ట్రాలకు నియంత్రణాధికారం ఉంటుంది తప్ప, అంతర్రాష్ట్ర వ్యాపారానికి అడ్డుపడేలా సొంత ఆస్తిగా చూసుకోవడం కుదరదంది. ఆ సందులోంచి అరిజోనా కేసు వచ్చింది.

గ్రాండ్ కేన్యన్‌కి ఉత్తరాన ఉండే కైబాబ్ పీఠభూమి మ్యూల్ డీర్ అనే పెద్ద కొమ్ముల జింకలకి పేరుపడ్డది. కొలరాడో నదికి ఉత్తరాన కొమ్ములున్న జింకల ట్యాగుల్లో బయటివాళ్లకు 10 శాతం మించి ఇవ్వకూడదని అరిజోనా నిబంధన పెట్టింది. న్యూమెక్సికోకి చెందిన వేట వ్యాపారులు దీన్ని సవాలు చేశారు. తాము వేటాడేది సరదాకి కాదని, గైడ్లుగా ఇదే తమ జీవనోపాధి అని వాదించారు. 2002లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల వాదనలో పస ఉందంది. 2004లో కింది కోర్టు ఆ పరిమితిని ఆపేసింది. దాంతో పడమటి రాష్ట్రాలన్నీ ఉలిక్కిపడ్డాయి. అదే ఏడాది ఏకంగా ఒక రాష్ట్రం ఇంకో రాష్ట్రాన్ని కోర్టుకు లాగింది. బాతుల సీజన్లో మొదటి వారాన్ని స్థానికులకే ఉంచేసిన నార్త్ డకోటా మీద మిన్నెసోటా దావా వేసింది.

ఈ గొడవకి తెర దించిన చట్టం వచ్చిన దారి విచిత్రం. 2004 డిసెంబరు 26న ఆంధ్ర తీరాన్నీ తాకిన సునామీ గుర్తుంది కదా. ఆ బాధితులకు సాయం, ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల ఖర్చు కలిపి అమెరికా కాంగ్రెస్ 2005 మేలో ఒక అత్యవసర నిధుల చట్టం చేసింది. గుర్తింపు కార్డులకు సంబంధించి అక్కడి తెలుగువాళ్లందరికీ తెలిసిన రియల్ ఐడీ కూడా అందులోదే. ఆ చట్టంలోనే నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ పట్టుబట్టి ఒక చిన్న సెక్షన్ చేర్పించారు. వేట, చేపల లైసెన్సుల విషయంలో స్థానికులకీ బయటివాళ్లకీ తేడా చూపించే హక్కు రాష్ట్రాలకు ఉంటుందని, అంతర్రాష్ట్ర వ్యాపారం పేరుతో కోర్టులు దానికి అడ్డుపడకూడదని దాని సారాంశం. యుద్ధం, సునామీ పేరున్న చట్టానికి కాంగ్రెస్‌లో ఎంతమంది వ్యతిరేకంగా ఓటేస్తారు? మిన్నెసోటా దావా కూడా దాంతో నిలవలేకపోయింది.

నిచ్చెనేసిన నలుగురు

చట్టం తేలిపోయాక రాష్ట్రాలు తమ తమ లెక్కలు రాసుకున్నాయి. న్యూమెక్సికో డ్రా ట్యాగుల్లో 84 శాతం స్థానికులకి, 10 శాతం గైడుని పెట్టుకుని వచ్చేవాళ్లకి, మిగిలిన 6 శాతం గైడు లేని బయటివాళ్లకి. వయోమింగ్ 2022లో చేసిన చట్టం దుప్పుల జాతిలో పెద్దదైన మూస్, కొండగొర్రె, కొండమేక, బైసన్ ట్యాగుల్లో 90 శాతం సొంత జనానికి ఉంచేసింది. జింకకీ అదే లెక్క పెట్టాలన్న ఒత్తిడి అక్కడ ఆగలేదు. బయటివాళ్లకు ఇంకో అడ్డంకి కూడా ఉంది. కేంద్రం ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించిన అడవుల్లో బయటివాడు జింకని వేటాడాలంటే పక్కన గైడు ఉండి తీరాలని వయోమింగ్ చట్టం అంటుంది. గైడు బదులు స్నేహితుడైన స్థానికుడు ఉచిత పర్మిట్ తీసుకుని తోడొచ్చినా సరిపోతుంది. అదే అడవిలో చేపలు పట్టేవాడికి, ఒంటరిగా వారం రోజులు నడిచేవాడికి ఈ నిబంధన లేదు. ఇది బయటివాడి ప్రాణభద్రత కోసమే అయితే నడిచేవాడి ప్రాణం మాటేమిటి? దీని వల్ల లాభపడేది గైడు వ్యాపారమే.

మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ల కథ ఈ మొత్తం వ్యవహారాన్ని దేశం కళ్లకు కట్టింది. 1860లలో రైలు మార్గం వేసినందుకు యూనియన్ పసిఫిక్ కంపెనీకి ప్రభుత్వం ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూమి ఇచ్చింది. దాంతో దక్షిణ వయోమింగ్ పటం చదరంగం బల్లలా ఉంటుంది: ఒక గడి ప్రైవేటు, ఒక గడి ప్రభుత్వానిది. ప్రభుత్వ గడి నుంచి ఇంకో ప్రభుత్వ గడికి మూల మీదుగా తప్ప దారి లేదు. ఎల్క్ మౌంటెన్ దగ్గర ఈ నలుగురూ 2021లో ఆ మూల మీద ఇనుప నిచ్చెన నిలబెట్టి, ప్రైవేటు నేలకు కాలు తగలకుండా అవతలికి దిగారు. గాలిలో తన ఆస్తి హద్దు దాటారని ఆ పక్క ప్రైవేటు గడుల రాంచ్ యజమాని ఫిర్యాదు చేశాడు. 2022లో స్థానిక జ్యూరీ, అంటే అదే జిల్లా ప్రజలు, ఈ పరాయి రాష్ట్రంవాళ్లని నిర్దోషులని వదిలేశారు. సివిల్ దావా పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వ భూమికి దారి మూసేయడాన్ని నిషేధించిన 1885 నాటి చట్టాన్ని చూపించి 2025 మార్చిలో కోర్టు వేటగాళ్లనే గెలిపించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలు విననంది. పడమటి రాష్ట్రాల్లో ఇలా మూలల వెనక చిక్కుకున్న ప్రభుత్వ భూమి 83 లక్షల ఎకరాలని అంచనా. బయటివాళ్లు తెచ్చిపెట్టిన ఈ గెలుపు ఫలం వయోమింగ్ వేటగాళ్లకే అందరికన్నా ఎక్కువ దక్కుతుంది. స్థానికులు, బయటివాళ్లు అని విడదీసి చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

మొక్కజొన్న చేలల్లో ఇంకో లెక్క

ప్రభుత్వ అడవులు లేనిచోట గొడవ రూపు మారుతుంది. అయోవాలో దాదాపు నేలంతా రైతులదే. మొక్కజొన్న, సోయాబీన్ మేసి బలిసిన తెల్లతోక జింకలకు దేశంలోనే పేరు. బయటివాళ్లకు ఏటా కొమ్ముల జింకని కొట్టే ట్యాగులు ఆరు వేలే ఇస్తారు. మంచి జోన్లలో ఒక్క ట్యాగు కోసం ఏళ్ల తరబడి డబ్బు కట్టి ‘ప్రిఫరెన్స్ పాయింట్లు’ పోగేసుకోవాలి. తీరా వంతు వచ్చాక లైసెన్సులన్నీ కలిపి ఆరు వందల డాలర్లు దాటుతాయి. అయోవాలో పొలం కొని, దానికి పన్ను కడుతూ, ఇంకో రాష్ట్రంలో ఉంటున్నవాళ్ల బాధ ఇంకా వేరు. సొంత పొలంలోకి రోజూ వచ్చే జింకని కొట్టాలన్నా అందరితో పాటు లాటరీలో నిలబడాల్సిందే. భూయజమానుల ప్రత్యేక ట్యాగు తమకూ ఇవ్వాలని కొందరు వేసిన కేసులో అయోవా సుప్రీంకోర్టు 2013లో రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది. వాళ్లకు మినహాయింపు ఇద్దామంటూ శాసనసభలో బిల్లులు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి.

ఆ బిల్లుల్ని అయోవా వేటగాళ్లు ఎందుకంత గట్టిగా అడ్డుకుంటున్నారో తెలుసుకోవాలంటే టెక్సస్ చూడాలి. అక్కడ కోటా లేదు, లాటరీ లేదు. బయటివాడు 315 డాలర్లు పెట్టి దుకాణంలో లైసెన్సు కొనుక్కుంటే జింకల ట్యాగులు దాంతోపాటే వస్తాయి. స్థానికుడికి 25 డాలర్లు. కానీ నేలలో నూటికి తొంభై ఐదు పాళ్లు ప్రైవేటుది. వేట హక్కు కోసం రాంచ్ యజమానికి కట్టే లీజే అసలు ఖర్చు. తలుపు తట్టి, రైతుని బతిమాలి, సాయంత్రానికి కాస్త మాంసం వాటా ఇచ్చి వేటాడుకునే పాత అలవాటుకి అక్కడ చోటు దాదాపు లేదు. బయటి డబ్బు పొలాలు కొనడం మొదలుపెడితే తమ ఊరూ అంతే అవుతుందని అయోవా మనిషి భయం. ఆ భయం నిజమైనదే.

డల్లాస్, హ్యూస్టన్ శివార్లలో పెద్ద సంఖ్యలో ఉంటున్న మన తెలుగువాళ్లకి ఇదంతా పరాయి వ్యవహారమేం కాదు. స్టేట్ యూనివర్సిటీలో ఇన్‌స్టేట్ ఫీజుకీ అవుటాఫ్‌స్టేట్ ఫీజుకీ ఉన్న తేడా కట్టినవాళ్లకే తెలుసు. వేటలో మాత్రం టెక్సస్ చాలా ఉదారం: ఆరు నెలలకు పైగా వరసగా అక్కడ ఉంటే స్థానికుడే. ఇంకో విశేషం ఉంది. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఇస్తుంది. అంటే వీసా మీదున్న ఇంజినీరుకి ఆ పాతిక డాలర్ల కాగితం వేట అనుమతికి మించిన పనే చేస్తుంది.

కోటా సరే, ధర సంగతేమిటి?

మందలు తగ్గిన ఏడాది ముందు బయటివాడి ట్యాగు కోసేయడంలో తప్పులేదు. 2022–23 శీతాకాలం పశ్చిమ వయోమింగ్‌లో మ్యూల్ డీర్‌ని ఊచకోత కోసింది. అక్కడి వయోమింగ్ రేంజ్ కొండల మందలో పరిశోధకులు రేడియో కాలర్లు కట్టిన కూనల్లో ఒక్కటీ బతకలేదు. ఆ తర్వాత బయటివాళ్ల కోటాని బాగా తగ్గించారు. ఏటా ఆ కొండల్నే నమ్ముకున్నవాళ్లకు మొదటి హక్కు ఉండాలన్నది ధర్మమే.

తప్పు ధర దగ్గర ఉంది. వయోమింగ్ బయటివాళ్ల జింక లైసెన్సుల్లో 40 శాతాన్ని స్పెషల్ కింద పక్కన పెడుతుంది. 1,200 డాలర్లు పెట్టగలిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆ వరసలో పోటీ తక్కువ. అంటే జేబు బరువుని బట్టి లాటరీలో అవకాశం. రాజులూ జమీందార్లూ మాత్రమే వేటాడే యూరప్ పద్ధతి తమకొద్దని, అడవి జంతువు సామాన్యుడిదని చెప్పుకుని ఎదిగిన సంప్రదాయం అమెరికా వేట. పిట్స్‌బర్గ్ ఉక్కు కార్మికుడు ఐదేళ్లకోసారి పడమటి కొండలకు రావడం ఆ సంప్రదాయంలో భాగమే. అతన్ని లాటరీ ఆపితే భరిస్తాడు. ధరతో ఆపడం అన్యాయం.

దీన్ని సరిచేయగలిగింది స్థానికులే. 42 డాలర్లని 70 చేయడానికి వయోమింగ్ ఓటరు ఒప్పుకుంటే శాఖ బడ్జెట్ బయటి డబ్బు మీద ఇంతగా ఆధారపడదు, బయటివాళ్ల ట్యాగులు తగ్గించినా ఖజానా ఖాళీ అవదు. ఎక్కువ వాటా కోరేవాళ్లు ఎక్కువ ఖర్చుకూ సిద్ధపడాలి. మోంటానా ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. గైడుని పెట్టుకున్న బయటివాళ్లకు గ్యారంటీగా ఇచ్చే లైసెన్సుల్ని 2010లో అక్కడి ఓటర్లు ప్రజాభిప్రాయ సేకరణలో రద్దు చేశారు. డబ్బున్నవాడికి దొడ్డిదారి మూసేసిన ఆ నిర్ణయం మెచ్చుకోదగ్గదే. కానీ అదే ఓటుతో బయటివాళ్ల జింక లైసెన్సుని 328 డాలర్ల నుంచి 527కి, ఎల్క్ కూడా కలిసినదాన్ని 628 నుంచి 897కి పెంచేశారు. మరుసటి ఏడాది బయటివాళ్ల లైసెన్సులు అన్నీ అమ్ముడుపోలేదు. శాఖకు రావాల్సిన డబ్బుకి గండిపడింది.

ఐడహో ఇప్పుడు ఇంకో దారి పట్టింది. అక్కడ బయటివాళ్ల జింక, ఎల్క్ ట్యాగుల్ని ఏటా డిసెంబరు మొదట్లో ఆన్‌లైన్లో ముందొచ్చినవాళ్లకు అమ్మేవారు. వేలమంది కంప్యూటర్ల ముందు క్యూలో కూర్చుంటే కొన్ని గంటల్లోనే మంచి యూనిట్లు ఖాళీ అయ్యేవి. 2026 సీజన్ నుంచి ఆ క్యూ తీసేసి డ్రా పెట్టారు. పాయింట్లు పోగేయడాలు లేవు. పదేళ్లుగా ప్రయత్నిస్తున్నవాడికీ, ఈ ఏడాదే తుపాకీ కొన్నవాడికీ డబ్బాలో ఒకే చీటీ ఉంటుంది.